దింపు లెక్క నోటితో చెప్పే పిల్ల బోర్డు దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

లంక_టీచర్
కోనసీమలో ఒక లంక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది, వాళ్ల నాన్న కొబ్బరి దింపు తీస్తాడు, అంటే చెట్లెక్కి కాయలు దింపుతాడు. మొన్న ఆదివారం మా పెరట్లో దింపుకి వచ్చినప్పుడు కాయలు పోగు వేయడానికి ఈ పిల్ల కూడా వచ్చింది. కొనే అతను వెయ్యి కాయ 11 వేలు అన్నాడు. లెక్కపెడితే 740 కాయలు తేలాయి. అతను జేబులోంచి ఫోన్ తీసేలోపే పిల్ల "ఎనిమిది వేల నూట నలభై" అంది. ఎలా వేశావే అంటే, "వందకి పదకొండొందలు కదా టీచర్. ఏడొందలకి ఏడు వేల ఏడొందలు. నలభైకి నాలుగొందల నలభై" అని గడగడా చెప్పింది.

సోమవారం అదే లెక్క బోర్డు మీద వేశాను. "1000 వస్తువుల వెల రూ. 11,000 అయిన, 740 వస్తువుల వెల ఎంత?" అని పుస్తకం భాషలో. అదే పిల్ల సుద్దముక్క పట్టుకుని వచ్చి ఎక్స్ అని రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు లెక్కలు రావు టీచర్" అని వెళ్లి కూర్చుంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వాళ్లమ్మ పదో తరగతి అయ్యాక ఏదో ఒకటి చదివిస్తాం, లెక్కలు మాత్రం వద్దు అంటోంది. బళ్లో కంప్యూటర్ గది ఉంది, సగం పనిచేయవు, తాళం తీసే రోజులు తక్కువ. నా చేతిలో ఉన్నది శనివారం చివరి పీరియడ్ ఒక్కటే. 40 నిమిషాలు. ఈ పిల్లల్ని లెక్కల వైపు, కంప్యూటర్ చదువు వైపు వాళ్లంతట వాళ్లు వచ్చేలా చేయాలి. మీ పిల్లలకి ఏం పనిచేసింది, చిన్నప్పుడు మీకు ఏం పనిచేసింది, చెప్పండి.

పాలకొల్లు_సుబ్బు
ట్యూషన్ పెట్టించండి టీచర్ గారు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో వేయకపోతే ఈ రోజుల్లో వెనకబడిపోతారు. మా వాణ్ణి వేశాం, వారానికో టెస్టు పెడుతున్నారు.

కొబ్బరాకు
సుబ్బు గారూ, దింపు తీసేవాళ్ల పిల్లకి ఫౌండేషన్ ఫీజు ఎవరు కడతారండి? పైగా ఆ పిల్లకి లెక్క వచ్చు. వచ్చినట్టు ఆ పిల్లకే తెలియదు. టీచర్ గారి బాధ అదీ.

చెరువుగట్టు
భీమవరం పక్కన మాది. ఇది అచ్చం నా కథ, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా నాన్న ఐదో తరగతి వరకే చదివాడు. రొయ్యల చెరువు చేస్తాడు. నాకు బళ్లో విలోమానుపాతం (ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్ని రెట్లు తగ్గడం) ఎంతకీ ఎక్కలేదు. ఒకరోజు తెల్లారకుండానే చెరువు మీదకి తీసుకెళ్లి విసురు వల వేశాడు. వచ్చిన రొయ్యల్ని రెండు కిలోలు తూచి నన్ను లెక్కపెట్టమన్నాడు. సరిగ్గా 100 వచ్చాయి. "కౌంట్ ఎంత?" అన్నాడు. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్ అని తెలిసిందే కాబట్టి 50 అన్నాను. "అయితే ఒక్కో రొయ్య ఎంత?" 20 గ్రాములు. "నలభై కౌంట్ అయితే?" 25. "ముప్పై అయితే?" 33 పైన. "ఇరవై?" 50.

తర్వాత అడిగాడు: "50 నుంచి 40కి రావడానికి రొయ్య ఎంత పెరగాలి? 30 నుంచి 20కి రావడానికి ఎంత పెరగాలి?" మొదటిదానికి 5 గ్రాములు. రెండోదానికి 16 గ్రాముల పైన. రెండు చోట్లా తగ్గింది పది కౌంటే. గట్టు మీద కూర్చుని నోట్‌బుక్కులో చుక్కలు పెట్టి కలిపితే గీత తిన్నగా రాలేదు, వంపు తిరిగింది. మేత ఎన్నాళ్లు వేయాలి, ఎప్పుడు రొయ్యలు పట్టాలి అని నాన్న ఎందుకు అంతలా ఆలోచిస్తాడో ఆ వంపు చూశాకే అర్థమైంది. బళ్లో నేర్పిన విలోమానుపాతం అదేనని ఆ రోజే తెలిసింది.

నేను చెప్పేది ఒక్కటే టీచర్ గారు. ఎక్స్‌ని ముందు పెట్టకండి. ఆ పిల్ల అన్న మాటనే బోర్డు మీద రాయండి: వందకి 1,100. ఏడు వందలకి 7,700. నలభైకి 440. కూడితే 8,140. దాని కిందే పుస్తకం పద్ధతి రాసి, రెండూ ఒకటేనా అని ఆ పిల్లనే అడగండి.

లంక_టీచర్
చెరువుగట్టు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ పిల్ల వేసిన పద్ధతే అసలు పద్ధతి. పుస్తకం దాన్ని కుదించి రాసింది, అంతే. ఇన్నేళ్లలో నేను ముందు కుదించినది చూపించి, తర్వాత లెక్క చేయమంటున్నాను. సోమవారం మీరన్నట్టే చేస్తాను.

తణుకు_నుంచి
నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కంప్యూటర్ మొదటిసారి ముట్టుకుంది ఇంజనీరింగ్‌లో. కాబట్టి ఆ గది తాళం గురించి మరీ దిగులు పడకండి. కంప్యూటర్ సైన్స్‌లో ముఖ్యమైన ఆలోచనలు కరెంటు లేకుండా కూడా నేర్పవచ్చు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికోసం బోలెడు ఆటలు తయారుచేశారు, అన్‌ప్లగ్డ్ అంటారు. మన దేశంలో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఇండియా వాళ్ల సీఎస్ పాఠశాల కూడా ఇలాంటి పాఠాలే ఇస్తోంది.

ఒక ఆట చెబుతాను. 5 అట్టముక్కలు తీసుకోండి. ఒక్కోదాని మీద 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. అయిదుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి తలా ఒకటి ఇవ్వండి. మీరు 13 అంటే, చుక్కలు కలిపి 13 వచ్చేలా అట్టలు ముందుకి తిప్పాలి, మిగతావి వెనక్కి తిప్పి పట్టుకోవాలి. 8, 4, 1 తిప్పుతారు. తిప్పినదానికి 1, తిప్పనిదానికి 0 రాస్తే 01101. కంప్యూటర్ లోపల 13 ఉండేది ఇలాగే. తర్వాత 13 ఇంకోలా వస్తుందేమో చూడమనండి. ఎంత కిందామీదా పడినా రాదు. ఎందుకు రాదో వాళ్లే చెబుతారు, కాస్త ఆగాలి, అంతే. మనం నోరు మూసుకుని ఆగడమే ఇందులో కష్టం.

అత్తిలి_అమ్మమ్మ
నా మనవరాలు టైపు చేసి పెడుతోంది, మాటలు నావి. బాబూ తణుకు, నువ్వు చెప్పిన అట్టముక్కలు మా ఇంట్లో ఇత్తడివి ఉన్నాయి. రెండు సోలలైతే తవ్వ. రెండు తవ్వలైతే మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. ధాన్యం కొలిచేటప్పుడు మా అత్తగారు 13 సోలలు ఇమ్మంటే 13 సార్లు ముంచేదాన్ని కాదు. ఒక అడ్డ, ఒక మానిక, ఒక సోల. మూడు కొలతల్లో అయిపోయేది. అదే కదా నువ్వు చెప్పింది?

తణుకు_నుంచి
అమ్మమ్మ గారూ, అక్షరాలా అదే! అడ్డ 8, మానిక 4, తవ్వ 2, సోల 1. మీరు 13 సోలలకి అడ్డ ఉంది, మానిక ఉంది, తవ్వ లేదు, సోల ఉంది అన్నారు. అంటే 1101. నేను ఇన్నేళ్లు కోడ్ రాస్తూ కూడా మా ఇంటి అటక మీద బైనరీ, అదే ఈ 0, 1ల లెక్క, ఉందని గమనించలేదు. టీచర్ గారూ, నా అట్టముక్కలు పక్కన పెట్టేయండి. బియ్యం, కొలతలు తెప్పించండి.

రావిచెట్టు
మా వైపు మానికని శేరు అంటారు, లెక్క అదే. సోల కింద కూడా ఉన్నాయి కదా. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల. గిద్ద నుంచి కుంచం దాకా ఎన్ని మెట్లో?

కొబ్బరాకు
గిద్ద 1, అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64. ఆరుసార్లు రెట్టింపు. కుంచానికి 64 గిద్దలు.

రాజమండ్రి_పుస్తకాలు
64 అనగానే ఆగలేకపోయాను. పదకొండో శతాబ్దంలో మన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంలో పావులూరి మల్లన ఉన్నాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. తెలుగులో లెక్కల గ్రంథం అంటే మొదట చెప్పుకునేది ఆయన్నే. అందులో ఒక పద్యం చదరంగం బల్ల గురించి. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లలోనూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంత అన్నది లెక్క.

జవాబుని అంకెలతో చెప్పలేదు, మాటలతో చెప్పాడు. శశి అంటే చంద్రుడు ఒక్కడే కాబట్టి 1. వేదాలు 4. మన్మథుడి బాణాలు 5 కాబట్టి శరం అంటే 5. దిగ్గజాలు 8 కాబట్టి కుంజరం అంటే 8. గగనం శూన్యం, అంటే 0. పద్యం మొదట్లో శరం, శశి, షట్కం వస్తాయి: 5, 1, 6. వీటిని కుడి చివర నుంచి ఎడమకి రాసుకుంటూ పోవాలి కాబట్టి సంఖ్య చివర 615 వస్తుంది. పద్యం అంతా ఇలా విప్పితే 20 అంకెల సంఖ్య తేలుతుంది: 18446744073709551615.

తణుకు_నుంచి
ఈ సంఖ్య నేను ఎన్నిసార్లు చూశానో! 64 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ ఉండే 64 చోట్లలో, పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. అట్టముక్కలు 64 పెట్టి అన్నీ ముందుకి తిప్పితే వచ్చేది ఇంతే. తొమ్మిది వందల ఏళ్ల పైమాటగా మన గోదారి గట్టున పద్యంలో ఉంది. పొద్దున్నే ఒళ్లు గగుర్పొడిచింది.

రావిచెట్టు
ఆ పద్యాన్ని పిల్లలతో విప్పించండి టీచర్. తెలుగు మాస్టారికీ మీకూ కలిపి ఒక పీరియడ్ అవుతుంది. మాటకి అంకె, అంకెకి మాట. పిల్లలు వాళ్ల ఇంటి ఫోన్ నంబర్లు కూడా అలా రాసుకుంటారు, చూడండి.

పాలకొల్లు_సుబ్బు
అందరూ బాగా చెబుతున్నారు, కాదనను. కానీ పద్యాలు, కుంచాలు పరీక్షలో రావు కదండీ. పదో తరగతి మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు, ఇవే రేపు పిల్లని నిలబెట్టేవి. పేద పిల్లకి ఇది మరీ ముఖ్యం. ఉత్సాహం ఉండి మార్కు రాకపోతే ఆ పిల్లని ఎవరు ఆదుకుంటారు?

ఎనిమిదో_నంబరు_కాలవ
సుబ్బు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఎనిమిదో తరగతిలోనే ఉంది. ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బళ్లలో ఎనిమిది చదివేవాళ్లకి పెడతారు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అందులో సగం పేపరు మెంటల్ ఎబిలిటీ, 90 ప్రశ్నలు. వరసలో తర్వాతి సంఖ్య ఏది, కోడ్ భాషలో ఈ మాటని ఎలా రాస్తారు, ఇలాంటివి. అంటే మల్లన పద్యం విప్పిన పిల్లలకి అలవాటైన పనే.

మా అన్నయ్య కూతురికి వచ్చింది. ఆ డబ్బు కంటే, తనకి లెక్క వచ్చని ఒక కాగితం ఇంటికి రావడం ఆ పిల్లని మార్చింది. దాని తర్వాత పదో తరగతి మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉండనే ఉంది. ప్రభుత్వ బళ్లో చదివిన పిల్లలకి అక్కడ అదనంగా కొంత వెయిటేజీ కూడా కలుపుతారు.

కొబ్బరాకు
ఇంకొకటి. ఐ.ఓ.క్యూ.ఎమ్. అని గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టు ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా రాయొచ్చు. 3 గంటలకి 30 ప్రశ్నలే. ఒక్కో ప్రశ్న మీద ఆరు నిమిషాలు కూర్చోవచ్చు. ఒక్క గంటలో వంద బిట్ ప్రశ్నలు గీకే అలవాటు ఉన్నవాళ్లకి ఇది వేరే లోకం. మా అబ్బాయికి మార్కులు పెద్దగా రాలేదు కానీ, ఒకే లెక్క మీద మూడు రోజులు తిరగడం అక్కడే నేర్చుకున్నాడు.

నరసాపురం_లేసు
టీచర్ గారి మొదటి పోస్టులో "లెక్కలు మాత్రం వద్దు" అన్న తల్లి మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లోనూ అదే అన్నారు.

పదో తరగతిలో నాకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. ఎంపీసీ అంటాను అంటే, అన్నయ్యకి ఎంపీసీ, నీకు బైపీసీ అన్నారు. ఆడపిల్లకి నర్సింగో టీచర్ ట్రైనింగో అయితే ఊరికి దగ్గరగా ఉంటుంది, ఎంపీసీ అంటే ఇంజనీరింగ్, అంటే హాస్టలు, అంటే ఖర్చు. వాళ్ల భయం అబద్ధం కాదు. నేనూ గట్టిగా అడగలేదు.

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు చాలామంది అల్లుతారు, మీకు తెలిసిందే. గొలుసు కుట్లు ఎన్ని, ఎక్కడ వదలాలి, ఎన్ని వరసలకి ఒకసారి పువ్వు తిరిగి రావాలి, అంతా వేళ్ల మీదే ఉండేది. కాగితం లేదు. ఒక వరసలో ఒక్క కుట్టు తప్పితే నాలుగు వరసల తర్వాత పువ్వు వంకర పోతుంది. అప్పుడు అమ్మ ఊడదీసి, తప్పిన కుట్టు ఎక్కడుందో పట్టుకునేది. పెళ్లయ్యాక నేను కష్టపడి డిగ్రీ కంప్యూటర్స్ చేశాను, ఇప్పుడు ఒక ఆఫీసులో ప్రోగ్రాములు సరిదిద్దే పని చేస్తున్నాను. రోజూ నేను చేసేది అమ్మ చేసిన పనే. మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చి, ఎక్కడ తప్పిందో వెతకడం.

టీచర్ గారూ, ఆ పిల్లతో మాట్లాడే ముందు ఆ తల్లితో మాట్లాడండి. బడికి పిలిస్తే రాదు, భయపడుతుంది. మీరే వాళ్ల అరుగు మీద కూర్చుని, ఆ రోజు 740 కాయల లెక్క ఎలా చెప్పిందో ఆ తల్లి ముందు చెప్పండి. మా ఇంటికి అప్పట్లో ఒక్క టీచరైనా వచ్చి ఉంటే నా దారి ఏడేళ్లు దగ్గరయ్యేది.

లంక_టీచర్
ఇది చదివి ఏడ్చాను. ఈ సాయంత్రమే వెళ్తాను.

ముగ్గుల_సందు
లేసు గారి మాట చదివాక నాకు మా వీధి గుర్తొచ్చింది. పిల్లలకి ముగ్గు నేర్పేటప్పుడు నేను ఒక ఆట ఆడిస్తాను. ఒక పిల్ల పలక మీద చిన్న ముగ్గు వేసుకుంటుంది, ఎవరికీ చూపించదు. రెండో పిల్ల వీపు తిప్పి కూర్చుంటుంది. మొదటి పిల్ల నోటితో మాత్రమే చెప్పాలి, రెండో పిల్ల విన్నట్టే వేయాలి. "పక్క చుక్కకి కలుపు" అంటే ఏ పక్క? కుడా, ఎడమా? నవ్వులే నవ్వులు. అయిదారుసార్లు అయ్యాక మాట బిగుస్తుంది. "కుడి చుక్కకి గీత, పైకి తిప్పు, ఇదే నాలుగుసార్లు" అంటారు. ప్రోగ్రామ్ రాయడం అంటే ఇదేనని మా తమ్ముడు చెప్పాడు.

మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి అనే దంపతులు 1970లలో ముగ్గుల మీదే కంప్యూటర్ సైన్స్ పరిశోధన చేశారు. ముగ్గుకి ఒక వ్యాకరణం ఉందని, ఆ నియమాలతో బొమ్మని పుట్టించవచ్చని చూపించారు. మన ఆడవాళ్ల చేతి ముగ్గు పరిశోధన పత్రాల్లోకి వెళ్లింది.

ఇప్పుడు మీ అందరికీ లెక్క. సందు చుక్కల ముగ్గు, మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, వరసకి ఒకటి తగ్గిస్తూ 8 వచ్చేదాకా, రెండు వైపులా. మొత్తం చుక్కలెన్ని?

పాలకొల్లు_సుబ్బు
మా వాడు కూడి 170 అంటున్నాడు.

ముగ్గుల_సందు
ఒక్కటి ఎక్కువైంది బాబూ. మళ్లీ చూడమను. ముందు చిన్నవి వేయమను: 3 చుక్కలు 2 వరకు, 5 చుక్కలు 3 వరకు, 7 చుక్కలు 4 వరకు.

పాలకొల్లు_సుబ్బు
3 నుంచి 2 అయితే 7. 5 నుంచి 3 అయితే 19. 7 నుంచి 4 అయితే 37. 9 నుంచి 5 అయితే 61. ఇక్కడ మా వాడు కేక వేశాడు: తేడాలు 12, 18, 24, అన్నీ ఆరో ఎక్కమే! 15 నుంచి 8కి 169. ఇందాక తొందరలో మధ్య వరస తప్పు కూడాడట. కానీ ఆరే ఎందుకు వస్తోందో చెప్పలేకపోతున్నాడు. నాకూ తెలియట్లేదు.

ముగ్గుల_సందు
చెప్పను. నేల మీద చుక్కలు పెట్టి, మధ్య చుక్క నుంచి చుట్టూ చూడమనండి.

పాలకొల్లు_సుబ్బు
రాత్రి పదిన్నర. వాకిట్లో లైటు వేసుకుని సుద్దతో పెట్టాం. మధ్యలో ఒకటి. దాని చుట్టూ 6. ఆ చుట్టూ 12. ఆ చుట్టూ 18. ఒక్కో చుట్టుకి ఆరు మూలలు ఉన్నాయి, ఒక్కో పక్కకి ఒక్కో చుక్క పెరుగుతోంది, అందుకే ఆరు. ఏడు చుట్లు వేస్తే 168, మధ్యది కలిపితే 169. వాళ్లమ్మ కూడా వచ్చి కూర్చుంది. వారం టెస్టు ఉన్నా వాడు ఇంతసేపు లెక్క మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఫౌండేషన్ మానిపించను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఇది చూశాక ఇంకా రాయాలనిపించింది.

యానాం_గాలి
ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకండి? మా అమ్మాయి లెక్క ఫోటో తీసి పెడితే మెట్లతో సహా జవాబు వస్తోంది. కోడ్ కూడా అదే రాస్తోంది. నిజంగానే అడుగుతున్నాను, పిల్లకి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు.

తణుకు_నుంచి
మా ఆఫీసులో మేమూ రోజూ వాడతాం. అది ఇచ్చింది సరైనదో కాదో చూసే మనిషికే విలువ. మీ అమ్మాయికి జవాబు కాకుండా పని ఇవ్వండి. పది లెక్కలకి దానిచేత జవాబులు తెప్పించి, ఎక్కడైనా తప్పు ఉందేమో పట్టమనండి. పైన సుబ్బు గారి అబ్బాయి 170 అన్నాడు. ముగ్గుల సందు గారు ఒక్కటి ఎక్కువైందని ఎలా పట్టారు? చుక్కలు ఆవిడ చేతిలో ఉన్నాయి కాబట్టి. అది ఉంటే ఏ యంత్రం వచ్చినా పిల్ల నిలబడుతుంది.

ధవళేశ్వరం_దిగువ
నాదీ ఒక మాట. లంక ఊరి పిల్లలకి వరద కంటే పెద్ద పాఠం లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మన ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ఇక్కడ 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. ఆ ఏడు మా ఇంట్లో మంచాల ఎత్తున నీళ్లు. టీవీలో అంకెలు వస్తుంటే పెద్దవాళ్లం టెన్షన్ పడుతూ కూర్చున్నాం. మా పెద్దమ్మాయి, అప్పుడు తొమ్మిది చదువుతోంది, గోడ మీద బొగ్గుతో గంట గంటకీ రెండు చోట్ల అంకెలూ రాసింది. పైన పెరగడం ఆగితే ఇక్కడ ఎప్పటికి ఆగుతుందో గీత చూసి తనే చెప్పింది, సామాను ఎంత ఎత్తుకి కట్టాలో మేం దాన్ని బట్టే కట్టాం. ఆ బొగ్గు గీతలు ఇంకా చెరపలేదు. ఇప్పుడు స్టాటిస్టిక్స్ చదువుతోంది.

క్యూసెక్కు అంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్ల పైన. 25 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి ఎన్ని లీటర్లో మీ పిల్లల చేత వేయించండి. గోదారి పిల్లలు ఆ సంఖ్య రాసి చూడాలి.

లంక_టీచర్
వారం తర్వాత రాస్తున్నాను.

వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీదే కూర్చున్నాం. లేసు గారు చెప్పినట్టు 740 కాయల లెక్క చెప్పాను. వాళ్ల నాన్న "అది రోజూ నాకు చెబుతుందండి, అందుకే కదా తీసుకెళ్తా" అన్నాడు. తల్లి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "హాస్టలు ఖర్చు ఎంత అవుద్దండి?" అని అడిగింది. వద్దు అన్న మనిషి ఖర్చు అడిగింది. ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. సంగతి చెప్పాను, దరఖాస్తు నేనే పెట్టిస్తానన్నాను. ఇంకా సరే అనలేదు, అయినా తలుపు తెరిచే ఉంది.

శనివారం చివరి పీరియడ్‌లో బియ్యం పోసి కొలతలు పెట్టాం. సోల, తవ్వ, మానిక పిల్లలే ఇళ్ల నుంచి తెచ్చారు. మా పిల్ల ముందుకి వచ్చి 7 సోలలు మూడు కొలతల్లో పోసింది. బోర్డు మీద 111 అని రాసింది, చెరపలేదు. తర్వాత "టీచర్, ఇప్పుడు అన్నీ నిండిపోయాయి కదా, ఎనిమిది అంటే ఎలా?" అని అడిగింది. అడ్డ ఉంటే చూపించేదాన్ని. ఊరంతా వెతికినా అడ్డ దొరకలేదు. అందరూ పాత ఇత్తడికి వేసేశారట. డబ్బాతో చూపించవచ్చు కానీ ఆ పిల్లకి అసలు అడ్డే చూపించాలని ఉంది. ఎవరి దగ్గరైనా ఉందా?

అత్తిలి_అమ్మమ్మ
నా దగ్గర ఉంది. మా అత్తగారిది, అడుగున చిన్న సొట్ట ఉంది, కొలత మాత్రం సరిగ్గానే ఉంటుంది. మనవరాలు గురువారం రావులపాలెం వస్తోంది, బస్టాండులో ఇస్తుంది. తిరిగి ఇవ్వక్కర్లేదమ్మా, బళ్లోనే ఉంచు.

ముగ్గుల_సందు
టీచర్ గారూ, ఎనిమిది ఎలా అని అడిగిన పిల్ల పేరు మీద మా వీధి పిల్లలు ఒక లెక్క పంపుతారట: 17 చుక్కలు 9 వరకు. కూడకుండా చెప్పాలి.

లంక_టీచర్
గురువారం సాయంత్రం నేనే రావులపాలెం వస్తాను అమ్మమ్మ గారూ. ఆ పిల్లని కూడా తీసుకొస్తాను. ముగ్గుల లెక్క దారిలో బస్సులో అడుగుతాను.